గీటురాయికి అందని రేణువు

చిన్నప్పుడు మా ఊళ్లో ఆచారిగారి కొట్టు అరుగు మీద కూర్చుని చూసిన పని ఒకటి ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంటుంది. ఎవరైనా పాత నగ తెస్తే ఆయన పెట్టె అడుగు నుంచి నల్లటి గీటురాయి తీసి, నగ అంచుతో దాని మీద ఒక గీత గీసేవారు. పక్కనే వన్నె తెలిసిన బంగారంతో ఇంకో గీత. రెండింటినీ వెలుతురుకి వాల్చి చూసి, మీద ఆమ్లం ఒక చుక్క వేసి, వన్నె ఎంతో చెప్పేసేవారు. కాలేజీలో భూగర్భశాస్త్రంలో చేరాక తెలిసింది, ఖనిజాల పాఠం కూడా ఇక్కడి నుంచే మొదలవుతుందని. రాయి చేతికొస్తే రంగు చూడు, మెరుపు చూడు, చేతిలో తూకం చూడు, గోటితో, రాగి నాణెంతో, కత్తి మొనతో గీకి గట్టిదనం చూడు, గరుకు పింగాణీ పలక మీద గీసి ఆ గీటు రంగు చూడు. ఇన్ని చూశాక పేరు చెప్పు.

ఈ రోజు నేను చెప్పబోయే ఖనిజం ఈ పరీక్షల్లో దేనికీ చిక్కలేదు. దాని పేరు బ్రాగైట్. ప్లాటినం, పల్లాడియం, కొంచెం నికెల్, ఈ మూడూ గంధకంతో కలిసి కట్టిన ఖనిజం. ఇసుక రేణువంత దొరికితే అది పెద్ద ముక్క కిందే లెక్క. ఉక్కులా బూడిదరంగు, లోహపు మెరుపు. సరిగ్గా ఇదే రంగూ ఇదే మెరుపూ ఉన్న ఇంకో ఖనిజం దాని పక్కనే, ఒక్కోసారి దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. అయినా ఇవి రెండూ వేరని 1932లో లండన్‌లో ఇద్దరు మనుషులు తేల్చి చెప్పారు. ఎలా చెప్పగలిగారు, వేరు అని అనడానికి ఆధారం ఏమిటి అన్నదే ఈ ప్రసంగం.

ముందు పల్లాడియం సంగతి. ఈ లోహం లోకానికి పరిచయం కావడమే ఒక పెద్ద తగాదాతో జరిగింది.

విలియం హైడ్ వొల్లాస్టన్ అని ఇంగ్లండులో ఒక వైద్యుడు ఉండేవారు. 1800 ప్రాంతంలో వైద్యం వదిలేసి, స్మిత్సన్ టెన్నాంట్ అనే స్నేహితుడితో కలిసి దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ప్లాటినం ఇసుకను శుద్ధి చేసే వ్యాపారంలోకి దిగారు. బంగారాన్ని కరిగించే ద్రవరాజంలో ఆ ఇసుకను కరిగించి ప్లాటినాన్ని వేరుచేశాక, మిగిలిన ద్రావణంలో ఇంకేదో ఉన్నట్టు ఆయనకు అనుమానం వచ్చింది. 1802లో అందులోంచి తెల్లటి కొత్త లోహాన్ని రాబట్టారు. అదే ఏడాది ఓల్బర్స్ అనే జర్మన్ ఖగోళ పరిశోధకుడు పల్లాస్ అనే చిన్న గ్రహాన్ని కనిపెట్టి ఉన్నారు. ఆ పేరు మీదుగా ఈ లోహం పల్లాడియం అయింది.

మామూలుగా అయితే ఇలాంటిది దొరికినప్పుడు శాస్త్రసభలో పత్రం చదువుతారు. వొల్లాస్టన్ ఆ పని చెయ్యలేదు. తమ శుద్ధి పద్ధతి బయటపడకూడదన్నది ఆయన జాగ్రత్త, కనిపెట్టిన ఘనత పోకూడదన్నది కోరిక. అందుకని 1803 ఏప్రిల్‌లో లండన్ సోహో పేటలో ఒక దుకాణంలో ఈ లోహం ముక్కల్ని అమ్మకానికి పెట్టించారు. పేరూ గుణాలూ వివరించే చిన్న కరపత్రం కూడా పంచారు. ఎవరు చేశారో, ఎక్కణ్ణించి వచ్చిందో అందులో ఒక్క ముక్క లేదు.

రిచర్డ్ చెనెవిక్స్ అనే రసాయనవేత్తకి ఇది శుద్ధ మోసం అనిపించింది. సరుకంతా తనే కొనేసి పరీక్షలు మొదలుపెట్టారు. ఇది కొత్త లోహం కానే కాదని, ప్లాటినాన్నీ పాదరసాన్నీ కలిపి చేసిన మిశ్రమమని రాయల్ సొసైటీకి పత్రం సమర్పించారు. ఆ ఏడాది సొసైటీ వారి కోప్లీ పతకం ఆయనకే ఇచ్చారు. అప్పుడు ఒక పత్రికలో, ఎవరైనా నిజంగా అలా కలిపి పల్లాడియం తయారుచేసి చూపిస్తే 20 పౌండ్ల బహుమానం ఇస్తామని ఒక ప్రకటన వచ్చింది. అది ఇచ్చిందీ వొల్లాస్టనే, పేరు చెప్పకుండా. ఎవరూ చెయ్యలేకపోయారు. 1805లో గానీ ఆయన బయటపడి, ఆ లోహం తనదేనని, ప్లాటినం ఖనిజంలో సహజంగా ఉంటుందని చెప్పలేదు. చెనెవిక్స్ సమర్థుడైన రసాయనవేత్త, ఎంతో శ్రమపడి ప్రయోగాలు చేసిన మనిషి. ఆయన్ని తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. పేరూ ఊరూ లేకుండా వచ్చిన వస్తువుని అనుమానించడం తప్పెలా అవుతుంది?

పల్లాడియానికి ప్లాటినంతో ఉన్న చుట్టరికం అప్పటినుంచే తెలుసు. రెండూ ఒకే కుటుంబం. ప్లాటినం, పల్లాడియం, రోడియం, రుథీనియం, ఇరిడియం, ఆస్మియం, ఈ ఆరూ భూమిలో ఎక్కడుంటే అక్కడ దాదాపు కలిసే ఉంటాయి. అందులోనూ ప్లాటినం పరమాణువూ పల్లాడియం పరమాణువూ సైజులో ఇంచుమించు సమానం. బరువులో మాత్రం చాలా తేడా. ప్లాటినం పరమాణువు పల్లాడియం కంటే దాదాపు రెట్టింపు బరువు. సైజు సరిపోవడం వల్ల స్ఫటికంలో ఒకదాని చోటులో ఇంకొకటి ఇట్టే కూర్చోగలదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. బ్రాగైట్ కథలో చిక్కంతా ఇక్కడి నుంచే వస్తుంది.

ఇక మనం దక్షిణాఫ్రికా వెళ్లాలి. ప్రిటోరియాకి ఉత్తరాన, పడమరన, తూర్పున ఎన్నో వందల కిలోమీటర్ల పొడవునా బుష్‌వెల్డ్ అనే శిలా సముదాయం పరుచుకుని ఉంది. వయసు 205 కోట్ల సంవత్సరాల పైమాటే. భూమి లోపలి నుంచి శిలాద్రవం విడతలు విడతలుగా ఎగదన్ని, పైకి రాకుండా లోపలే పళ్లెంలో పాయసంలా పరుచుకుని, నెమ్మదిగా చల్లారింది. చల్లారేటప్పుడు ముందు గట్టిపడిన ఖనిజాలు ముందు, తర్వాతవి తర్వాత, పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఆ పొరల మందం మొత్తం కిలోమీటర్లలో ఉంటుంది. అందులో చాలాచోట్ల మీటరు కూడా మందం లేని ఒక పట్టీ మాత్రం ప్లాటినం కుటుంబానికి పుట్టిల్లు.

ఆ పట్టీ ఎలా పుట్టిందంటే, కరిగి ఉన్న శిలాద్రవంలో గంధకం ఎక్కువైనప్పుడు అది నీళ్లలో నూనె బొట్లలా విడిపోతుంది. ఇనుము, నికెల్, రాగి ఆ బొట్లలోకి చేరతాయి. ప్లాటినానికీ పల్లాడియానికీ ఈ గంధకపు బొట్లంటే విపరీతమైన మక్కువ. చుట్టూ ఉన్న శిలాద్రవంలో ఉన్నదంతా ఊడ్చుకుని వాటిలోకి చేరిపోతాయి. ఆ బొట్లు చల్లారాక, చివరి దశలో, ఇనుమూ నికెల్ ఖనిజాల్లో చోటు దొరకని ప్లాటినం, పల్లాడియం విడిగా తమ సొంత ఖనిజాలు కట్టుకుంటాయి. బ్రాగైట్ అలా పుట్టినదే.

ఈ పట్టీ లోకానికి తెలిసింది 1924లో. ఆండ్రీస్ లొంబార్డ్ అనే రైతు మాన్‌డాగ్స్‌హూక్ అనే పొలంలో ఎండిపోయిన వాగు ఇసుకను పళ్లెంలో వేసి కడిగి చూశారు. ఆ పొలం పేరుకి అర్థం సోమవారపు మూల అని. ఇసుక కొట్టుకుపోయాక పళ్లెం అంచున కొన్ని తెల్లటి బరువైన గింజలు మిగిలాయి. వాటిని హాన్స్ మెరెన్‌స్కీ అనే భూగర్భశాస్త్రవేత్తకి పంపించారు. మెరెన్‌స్కీ వచ్చి, వాగు వెంట పైకి నడుచుకుంటూ పోయి, గింజల మూలం వెతికి, చివరికి ఆ పట్టీ దగ్గరికే చేరుకున్నారు. ఇప్పటికీ దాన్ని మెరెన్‌స్కీ రీఫ్ అనే అంటారు. టన్ను రాయి పగలగొడితే ఈ కుటుంబపు లోహాలన్నీ కలిపి నాలుగైదు గ్రాములు, కొన్నిచోట్ల ఇంకొంచెం ఎక్కువ దొరుకుతాయి.

గనులు మొదలయ్యాయి. రాయిని పొడిచేసి, నీళ్లతో కడిగి, బరువైనదంతా ఒకచోట చేర్చేవారు. ఆ నల్లటి పొడిలో ఏముందో తెలిస్తే కదా లోహాన్ని సరిగా రాబట్టేది? జొహానెస్‌బర్గ్‌లో రసాయనవేత్తలు పొడిని గాలించి ఒక ప్లాటినం, గంధకం ఖనిజాన్ని గుర్తించారు. దాన్ని మొదట వర్ణించిన రిచర్డ్ కూపర్ పేరు మీద 1928లో కూపరైట్ అని పిలిచారు. ఆ పొడిలోని కొంత భాగం లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం సహజచరిత్ర శాఖకి చేరింది. అక్కడ ఖనిజ విభాగంలో ఫ్రెడరిక్ బానిస్టర్, మాక్స్ హే అనే ఇద్దరు యువకులు పనిచేస్తున్నారు. బానిస్టర్ ఎక్స్-కిరణాల మనిషి. హే రసాయన విశ్లేషణలో, అందులోనూ గింజంత పదార్థంతో విశ్లేషణ పూర్తిచెయ్యడంలో ఆరితేరిన మనిషి.

ఇక్కడ కాస్త ఆగి, ఎక్స్-కిరణాలతో స్ఫటికాన్ని చూడడం అంటే ఏమిటో చెప్పాలి. ఎక్కడైనా పెద్ద కోనేటి దగ్గర, కింది మెట్టు మీద నిలబడి పైనున్న మెట్ల వైపు తిరిగి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. ఒక్కో మెట్టు నుంచీ ఒక్కో చిన్న ప్రతిధ్వని, ఒకదాని వెనక ఒకటి, సమానమైన ఎడంతో తిరిగొస్తుంది. అన్నీ కలిసి ఒక రకమైన కూతలా వినిపిస్తాయి. చెవి బాగా పట్టున్నవాళ్లు ఆ కూతని బట్టి మెట్టు వెడల్పు ఎంతో లెక్కగట్టవచ్చు. స్ఫటికంలో పరమాణువులు కూడా మెట్లలాగే వరసలు వరసలుగా ఉంటాయి. ఆ వరసల మధ్య ఎడం సెంటీమీటరులో పది కోట్లవ వంతు లెక్కల్లో ఉంటుంది. ఎక్స్-కిరణాల తరంగం పొడవు కూడా ఆ లెక్కలోదే. అందుకని ఎక్స్-కిరణం స్ఫటికం మీద పడితే, కొన్ని కోణాల్లో మాత్రమే వరసలన్నింటి ప్రతిఫలనాలూ కలిసి బలపడి తిరిగొస్తాయి. ఫిల్ము మీద చుక్కలుగా పడతాయి.

1912లో లావే అనే జర్మన్ శాస్త్రవేత్త మనుషులు ఆ చుక్కల్ని మొదట పట్టుకున్నారు. వాటి భాష చదవడం నేర్పింది మాత్రం తండ్రీ కొడుకులు. తండ్రి విలియం హెన్రీ బ్రాగ్, కొడుకు లారెన్స్ బ్రాగ్. కోణానికీ ఎడానికీ మధ్య ఉన్న సూత్రాన్ని కొడుకు 1912లో కేంబ్రిడ్జిలో పట్టుకున్నాడు. కొలిచే పరికరాన్ని తండ్రి తయారుచేశారు. మన వంటింటి ఉప్పులో సోడియం, క్లోరిన్ ఎలా అమరి ఉన్నాయో ఆ మరుసటి ఏడాదే చూపించారు. 1915లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమానం వచ్చింది. లారెన్స్‌కి అప్పటికి 25 ఏళ్లు. మొదటి ప్రపంచ యుద్ధ రంగంలో ఉన్నాడు. అదే ఏడాది అతని తమ్ముడు రాబర్ట్ గల్లిపొలి యుద్ధంలో చనిపోయాడు. ఒకే ఇంటికి ఆ రెండు కబుర్లూ కొద్ది నెలల తేడాలో చేరాయి.

మళ్లీ బానిస్టర్ బల్ల దగ్గరికి వద్దాం. ఆయన ఆ బూడిదరంగు గింజల్ని ఒక్కొక్కటీ ఎంచి, సన్నటి గాజు పుల్ల చివర అంటించి, నెమ్మదిగా తిప్పుతూ ఎక్స్-కిరణాల్లో పెట్టారు. కొన్ని గింజలు కూపరైట్ చుక్కలే ఇచ్చాయి. అన్నీ కూపరైటే అనుకున్న గింజల్లో కొన్ని మాత్రం వేరే చుక్కలు ఇచ్చాయి. చూపుకి తేడా లేదు. బరువులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫిల్ము మీద మాత్రం ఇవి వేరే ముగ్గు.

ముగ్గు అన్న మాట ఊరికే అనలేదు. సంక్రాంతికి వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టే ఆడవాళ్లకి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. పిండి అదే, వేళ్లు అవే. ముందు చుక్కలు ఏ ఎడంలో పెట్టారన్న దాన్ని బట్టి ముగ్గు మారిపోతుంది. ఒక చిన్న గడిని పట్టుకుని అటూ ఇటూ మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోతే వాకిలంతా నిండుతుంది. స్ఫటికం కూడా అంతే. ఒక గడి మూడు దిక్కులా పదేపదే పేర్చుకుంటూ పోతే స్ఫటికం. కూపరైట్ గడి అడుగున చదరం. ఆ చదరపు భుజం సుమారు మూడున్నర ఆంగ్‌స్ట్రామ్‌లు, ఎత్తు ఆరు పైన. ఆంగ్‌స్ట్రామ్ అంటే నేను ఇందాక చెప్పిన పది కోట్లవ వంతు. ఆ గడిలో రెండు ప్లాటినం, రెండు గంధకం పరమాణువులు పడతాయి. కొత్త గింజల గడి కూడా చదరపు అడుగుదే. కానీ భుజం ఆరు పాయింట్ నాలుగు దరిదాపు, ఎత్తు ఆరు పాయింట్ ఆరు దరిదాపు. అందులో లోహపు పరమాణువులు ఎనిమిది, గంధకం ఎనిమిది.

హే ఆ గింజల్ని విశ్లేషించారు. ప్లాటినం ఎక్కువే. దాంతోపాటు నూటికి ఇరవై వంతుల దరిదాపు పల్లాడియం, కొద్దిగా నికెల్ ఉన్నాయి. అమరిక వేరు, కూర్పు వేరు. అది కొత్త ఖనిజం. ఎక్స్-కిరణాల సాయంతోనే మొట్టమొదట బయటపడిన ఖనిజం కాబట్టి, ఆ విద్య నేర్పిన తండ్రీ కొడుకులిద్దరి పేరు మీద బ్రాగైట్ అని పెట్టారు. అప్పటికి పెద్ద బ్రాగ్ లండన్‌లోనే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉన్నారు, చిన్న బ్రాగ్ మాంచెస్టర్‌లో ఆచార్యుడు. ఖనిజాలకు మనుషుల పేర్లు పెట్టడం చాలాసార్లు మర్యాద కోసం జరుగుతుంది. ఈ పేరు మాత్రం పని చెప్పే పేరు అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇలాంటి ఖనిజాన్ని సూక్ష్మదర్శినిలో చూడడమంటే ఎలా ఉంటుందో చెప్తాను. రాయిని బిళ్లగా కోసి, జిగురులో బిగించి, మెత్తటి గుడ్డ మీద వజ్రపు పొడితో అద్దంలా మెరిసేదాకా నునుపు చేస్తారు. దాని మీద పైనుంచి వెలుతురు వేసి చూడాలి. ఇవి కాంతిని లోపలికి పోనివ్వవు, ఎంత పలచగా కోసినా లాభం లేదు. కంటికి ముందుగా తగిలేది ఇత్తడిలా పచ్చగా ఉండే రాగి ఖనిజం చాల్కోపైరైట్. దాని పక్కన లేత గులాబీ కలిసిన గోధుమరంగులో పైరోటైట్, లేత మీగడరంగులో పెంట్లాండైట్. వాటి అంచున, చాలాసార్లు అవి రాతి ఖనిజంతో కలిసే గీత దగ్గర, వెంట్రుక మందంలో సగం ఉండే తెల్లటి మచ్చ ఒకటి మిగతావాటికంటే ప్రకాశంగా నిలబడి ఉంటుంది. సూక్ష్మదర్శిని బల్లను తిప్పుతూ చూస్తే, రెండు ధ్రువణ పలకల మధ్య ఆ తెలుపు ఒకచోట మందగించి ఇంకోచోట వెలుగుతుంది. అడుగు చదరమై ఎత్తు వేరుగా ఉన్న స్ఫటికాలు అలాగే ప్రవర్తిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు కన్ను ఆనించి ఎంతసేపు కూర్చుండిపోయానో నాకే తెలియలేదు. అంత చిన్న మచ్చని కత్తితో గీకడం కుదరని పని. వజ్రపు మొనని దాని మీద నొక్కి, పడిన గుంట కొలిచి గట్టిదనం లెక్కవేస్తారు. ఇప్పుడు ఎలక్ట్రాన్ పుంజాన్ని ఆ మచ్చ మీద పెట్టి, అందులో ఏ మూలకం ఎంతుందో రాయిని చెడగొట్టకుండానే చదువుతున్నారు. హే కాలంలో అయితే గింజని ఆమ్లంలో కరిగించక తప్పేది కాదు.

కూపరైట్, బ్రాగైట్ రెండింటిలోనూ ఒక పోలిక ఉంది. కాగితం మీద ఒక చదరం గీసి, నాలుగు మూలలా గంధకం, నట్టనడుమ లోహం పెట్టండి. అదే ఈ రెండింటిలోనూ మూల రూపం. ప్లాటినానికీ పల్లాడియానికీ ఇలా ఒకే తలంలో నలుగురి మధ్య కూర్చోవడం అలవాటు. ఆ చదరాలను ఒకదానితో ఒకటి తగిలించే తీరు మాత్రం రెండింటిలో వేరు. కూపరైట్‌లో లోహపు స్థానాలన్నీ ఒకే రకం. బ్రాగైట్‌లో మూడు రకాల స్థానాలున్నాయి. అన్నిటి చుట్టూ నాలుగేసి గంధకాలే ఉన్నా, ఇరుగుపొరుగు వేరు.

ఇప్పుడు అసలు చిక్కు. 1962లో ఉత్తర ధ్రువ వృత్తానికి పైన, సైబీరియాలోని నోరిల్స్క్ గనుల రాయిలో జెన్‌కిన్, జ్వ్యాగింత్సెవ్ అనే రష్యన్ శాస్త్రవేత్తలు ఇంకో ఖనిజాన్ని వర్ణించారు. నోరిల్స్క్‌లో ప్లాటినం ఉందని గుర్తించిన భూగర్భశాస్త్రవేత్త విసోత్‌స్కీ పేరు మీద దాన్ని విసోత్‌స్కైట్ అన్నారు. అది పల్లాడియం, గంధకం ఖనిజం, కొద్దిగా నికెల్ కలిసి. శుద్ధమైన రూపంలో అయితే బరువులో నూటికి 77 వంతులు పల్లాడియమే. దాని అమరిక చూస్తే అచ్చం బ్రాగైట్ ముగ్గే! అదే గడి, అవే మూడు రకాల స్థానాలు. తేడా అల్లా ఆ స్థానాల్లో ఎవరు ఎక్కువమంది కూర్చున్నారన్నదే.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇక్కడికి పనికొస్తుంది. ప్లాటినం, పల్లాడియం సైజులో సమానం కాబట్టి ఒకదాని చోటులో ఒకటి ఎంతైనా కూర్చోవచ్చు. విసోత్‌స్కైట్ నుంచి బ్రాగైట్ దాకా మధ్యలో ఎక్కడా తెగకుండా అన్ని పాళ్లలోనూ రేణువులు దొరుకుతాయి. పల్లాడియం ఎక్కువైన కొద్దీ తేలిక. శుద్ధ విసోత్‌స్కైట్ నీటికి ఆరున్నర రెట్ల పైచిలుకు బరువైతే, ప్లాటినం ఎక్కువున్న బ్రాగైట్ తొమ్మిది రెట్లు దాటుతుంది. మరి ఎక్కడ గీత గియ్యాలి? ఖనిజాల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం దీనికి ఒక పద్ధతి పెట్టుకుంది. ఒకే అమరిక ఉన్నప్పుడు ఆ స్థానాల్లో సగానికి మించి ఎవరుంటే వాళ్ల పేరు. పరమాణువుల లెక్కలో పల్లాడియం ఎక్కువైతే విసోత్‌స్కైట్, ప్లాటినం ఎక్కువైతే బ్రాగైట్. ఎక్కడైతే రేణువు లోపల ఒక చివర పల్లాడియం పెరిగి ఇంకో చివర తగ్గి ఉందో, అక్కడ ఒకే గింజ ఈ చివర ఒక పేరుతో, ఆ చివర ఇంకో పేరుతో ఉంటుంది.

ఈ గీత మనిషి గీసింది. కూపరైట్‌కీ బ్రాగైట్‌కీ మధ్య ఉన్న గీత మాత్రం ప్రకృతే గీసింది. ప్లాటినం పాలు పెంచుకుంటూ పోతే ఒకచోట ఆ ముగ్గు ఇక నిలవదు, కూపరైట్ ముగ్గులోకి మారాల్సిందే. మధ్యలో ఖాళీ ఉంది. అందుకే పల్లాడియాన్ని తనలోకి పెద్దగా రానివ్వని కూపరైట్, పల్లాడియం బాగా కలిసిన బ్రాగైట్ ఒకే రేణువులో పక్కపక్కనే, మధ్య స్పష్టమైన అంచుతో కనిపిస్తాయి. వర్గీకరణ అంటే బీరువా అరల్లో సర్దడం అనుకుంటాం. ఈ రెండు గీతల తేడా తెలిశాక, అరల మధ్య పలకల్లో కొన్ని రాతిలోనే ఉన్నాయని, కొన్ని మనం అమర్చుకున్నవని నాకు అర్థమైంది. ఖనిజాల వర్గీకరణ పుస్తకంలో మాత్రం ఈ మూడూ ఒకే చోట ఉంటాయి. గంధక ఖనిజాల తరగతిలో, ఒక లోహానికి ఒక గంధకం ఉన్న విభాగంలో, నికెల్, ఇనుము, ప్లాటినం కుటుంబపు లోహాల అరలో. మాక్స్ హే తర్వాత రోజుల్లో ఖనిజాలన్నిటినీ రసాయన కూర్పు ప్రకారం అమర్చిన పెద్ద సూచిక తయారుచేశారు, 1950లో అచ్చయింది. ఎన్నో ఏళ్లపాటు ప్రపంచమంతటా మ్యూజియం వాళ్ల చేతిలో ఉండే పుస్తకం అది.

పల్లాడియం ఖనిజాలన్నీ గంధకంతోనే ఉండవు. టెల్లూరియంతో మెరెన్‌స్కైట్, బిస్మత్‌తో ఫ్రూడైట్, తగరంతో పావొలొవైట్, ఇలా చాలా ఉన్నాయి. నాకు వాటన్నిట్లో ప్రీతి ఉన్నది పొటారైట్ మీద. గయానాలో కైటూర్ జలపాతం దగ్గర, పొటారో నది గులకరాళ్లలో వజ్రాల కోసం కడిగేవాళ్ల పళ్లేల్లో వెండిలా మెరిసే గింజలు మిగిలేవి. సర్ జాన్ హారిసన్ అనే శాస్త్రవేత్త వాటిని గుర్తించారు. ఆయన పోయాక 1928లో బ్రిటిష్ మ్యూజియంలోని స్పెన్సర్ ఆ ఖనిజాన్ని వర్ణించి ప్రచురించారు. అది పల్లాడియం, పాదరసం ఒకటికి ఒకటిగా కలిసిన ఖనిజం. బరువులో మూడింట రెండు వంతులు పాదరసమే. పాదరసం కలిసిందని 1803లో చెనెవిక్స్ పడిన అనుమానం గుర్తొస్తోంది కదూ? సొసైటీ ముందు ఆయన చెప్పిన జత తప్పు. కానీ పల్లాడియానికి పాదరసంతో సహజమైన స్నేహం ఉందన్న మాట మాత్రం ఒక వాగు ఇసుకలో నిజమై కూర్చుంది. పొటారైట్‌లో గంధకం లేదు, ఆక్సిజన్ లేదు, ఉన్నవి రెండు లోహాలు. కాబట్టి పుస్తకంలో అది బ్రాగైట్‌కి దూరంగా, బంగారం, వెండి ఉండే మూలకాల తరగతిలో చేరుతుంది.

మన వైపు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. బ్రాగులు నేర్పిన విద్య మన దేశానికి ఆలస్యంగా ఏమీ రాలేదు. కలకత్తాలో రామన్ గారి దగ్గర ఎక్స్-కిరణాలతో బొగ్గు, ఖనిజాలు పరిశీలించిన సి. మహదేవన్ గారు ఆ తర్వాత నిజాం హైదరాబాదు భూగర్భ సర్వేలో పనిచేశారు. ఆపైన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగాన్ని నడిపారు. మన కొండపల్లి కొండల్లో కూడా, బొమ్మలకి తెల్లపొణికి కర్ర ఇచ్చే ఆ కొండల్లోనే, గాబ్రో, ఆనార్థోసైట్, క్రోమైట్ పట్టీలున్న పొరల శిలలు ఉన్నాయి. బుష్‌వెల్డ్‌తో పోలిస్తే చాలా చిన్నవి. ప్లాటినం కుటుంబపు లోహాల జాడలు మన దేశంలో ఒడిశాలోని బౌలా-నువాసాహి దగ్గర, తమిళనాడులోని సిత్తంపూండి దగ్గర ఉన్నాయని మన భూగర్భ సర్వే వాళ్లు గుర్తించారు.

ఇంత అరుదైన ఖనిజం ఎక్కడైనా ముద్దలా దొరికి అద్దాల బీరువాలో పెట్టారా అని కొందరు అడుగుతారు. సాధారణంగా దొరికేవి రేణువులే. గనిలో రాయి పొడి అయ్యాక, నీళ్లలో నురగ పట్టించి గంధక ఖనిజాలన్నీ పైకి తేలుస్తారు. బ్రాగైట్ రేణువులు ఇనుము, నికెల్, రాగి ఖనిజాలతో పాటు ఆ నురగతో పైకొస్తాయి. అదంతా కొలిమిలోకి పోతుంది. గంధకంలో చాలా భాగం వాయువై విడిపోతుంది. 205 కోట్ల ఏళ్లు కదలకుండా ఉన్న ఆ చదరాలు, మూడు రకాల స్థానాలు అక్కడితో చెదిరిపోతాయి. మిగిలిన ముద్దని ఆమ్లాల్లో కరిగించి, వొల్లాస్టన్ చేసినట్టే, కానీ ఎన్నో రెట్లు పెద్ద పాత్రల్లో, ఒక్కో లోహాన్ని వేరుచేస్తారు.

అలా వచ్చిన పల్లాడియంలో పెద్ద వాటా పెట్రోలు కార్ల పొగగొట్టాల్లోకి వెళ్తుంది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల కొత్త కార్లకి ఉత్ప్రేరక కన్వర్టర్ తప్పనిసరి చేశారు. 2020 ఏప్రిల్ నుంచి పొగ కాలుష్యాన్ని కట్టడి చేసే బి.ఎస్.-6 నిబంధనలు దేశమంతా వచ్చాయి. ఆ కన్వర్టర్ అంటే కారు అడుగున ఉండే ఒక ఉక్కు డబ్బా. అందులో తేనెపట్టులాంటి పింగాణీ ఇటుక, ఇటుక సన్నటి గొట్టాల గోడలకి పలచటి పూత, ఆ పూతలో కంటికి కనిపించనంత చిన్న పల్లాడియం కణాలు. కారు మొత్తానికి కలిపితే కొద్ది గ్రాములు. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ఆ కణాల మీద వాలి, ఆక్సిజన్‌తో కలిసి, కార్బన్ డయాక్సైడ్‌గా మారి వెళ్లిపోతుంది. 2022 మార్చిలో ఈ లోహం ధర ఔన్సు 3,000 డాలర్లు దాటింది. ఆ రోజుల్లో బంగారం కంటే అదే ఖరీదు. ఆ డబ్బాల కోసమే కార్ల కిందకి దూరే దొంగతనాలు చాలా దేశాల్లో పెరిగాయి.

రేపు పొద్దున మీరు బండి తీసినప్పుడు, ఇంజను వేడెక్కి ఆ డబ్బా పనిలోకి దిగడానికి కొద్ది క్షణాలు పడుతుంది. అందులోని పల్లాడియం ఏ రీఫ్ నుంచి వచ్చిందో, ఒకప్పుడు ఏ ఖనిజంలో, ప్లాటినం పక్కన ఏ చదరం నడుమ కూర్చుని ఉండేదో ఇప్పుడు ఏ ఎక్స్-కిరణమూ చెప్పలేదు. బ్రాగైట్ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే నునుపు చేసిన రాతి బిళ్ల అంచున మిగిలిన ఆ తెల్లటి మచ్చని వెతుక్కోవాల్సిందే.